కాంతి ఒక వైపు ప్రయాణం: సాపేక్షతా సిద్ధాంతపు పునాదులపై ఒక ప్రశ్న

ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. తరగతిలో విశిష్ట సాపేక్షతా సిద్ధాంతం బోధిస్తుండగా ఒక విద్యార్థిని లేచి, "సార్, కాంతివేగం అందరికీ సమానమే అన్నారు. దానిని కొలిచి చెప్పారా, ఒప్పుకొని మొదలుపెట్టారా?" అని అడిగినది. "సిలబస్‌లో లేదు, కూర్చో" అనడం సులభం. కాని ఆ ప్రశ్న పునాది రాయినే తట్టి చూస్తున్నది. ఆనాడు గంట మోగినందున చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇచ్చట వ్రాస్తున్నాను.

1905లో ఐన్‌స్టీన్ రెండు ప్రతిపాదనలతో ప్రారంభించాడు. సమవేగంతో సాగే పరిశీలకులందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే అన్నది మొదటిది. యాంత్రికశాస్త్రం మేరకు ఇది గెలీలియో నాటి నుండి తెలిసినదే. కాంతివేగం కాంతిని వెలువరించే వస్తువు చలనంపై ఆధారపడదన్నది రెండవది. చిక్కంతా ఇందులోనే ఉన్నది.

అమీర్‌పేట కూడలిలో ఒక గడియారాన్ని, పంజాగుట్ట కూడలిలో మరొక గడియారాన్ని ఉంచామనుకొందాం. నడుమ దూరం ఒకటిన్నర కిలోమీటరుగా తీసుకొందాం. అమీర్‌పేట నుండి పంపిన కాంతి పంజాగుట్టలోని అద్దాన్ని తాకి తిరిగి రావడానికి 10 మైక్రోసెకన్లు పట్టును. దీనిని ఒక్క గడియారంతోనే కొలవవచ్చు. అయితే పోవడానికి ఎంత, రావడానికి ఎంత? ఇది తెలియాలంటే రెండు గడియారాలు ఒకే కాలం చూపుతూ ఉండాలి. వాటిని సరిచూడడానికి కాంతి సంకేతమే పంపవలెను. ఆ సంకేతం ఎంతసేపటికి చేరునో ముందే తెలిసి ఉండాలి! చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లున్నది.

ఈ ముడిని ఐన్‌స్టీన్ దాచలేదు. పోయే కాలం, వచ్చే కాలం సమానమని నిర్వచనంగా స్వీకరిస్తున్నట్లు ఆ వ్యాసంలోనే చెప్పాడు. అనగా 5, 5. పోవడానికి 6, రావడానికి 4 అని స్వీకరించినా ఏ ప్రయోగమూ దానిని ఖండించలేదని తర్వాత హాన్స్ రైకెన్‌బాక్ అనే తత్త్వవేత్త వాదించాడు. గడియారాన్ని చేతబట్టుకొని నెమ్మదిగా పంజాగుట్టకు నడిచిపోతే సరిపోదా అని మీరు అడగవచ్చును. ఫలితం ఐన్‌స్టీన్ పద్ధతితో సరిపోతుంది. కాని నడకలో గడియారం చెడలేదన్నది కూడ ఒక స్వీకృతమే గదా! కావున ఆ విద్యార్థినికి నా మొదటి సమాధానం: రాకపోకల సగటు వేగం కొలిచినది, ఒక వైపు వేగం ఒప్పుకొన్నది. 1983 నుండి మీటరునే కాంతి సెకనుకు 2,99,792,458 మీటర్లు పోవునన్న లెక్కతో నిర్వచిస్తున్నారు. ఇక ఆ సంఖ్యను కొలిచి తప్పుపట్టడానికి వీలే లేదు.

అయితే మూలం చలిస్తే కాంతివేగం మారునా అన్నది నిర్వచనం కాదు, దానిని పరీక్షించవచ్చు. తుపాకి గుండు వలె కాంతి కూడ మూలం వేగాన్ని కలుపుకొనునని 1908లో వాల్టర్ రిట్జ్ ప్రతిపాదించాడు. అదే నిజమైతే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల కాంతి కొంత వేగంగా, కొంత మెల్లగా వచ్చి వాటి కక్ష్యలు వికృతంగా కనిపించవలెను. అట్లు కనిపించడం లేదని 1913లో డి సిట్టర్ చూపాడు. నడుమనున్న వాయువులు కాంతిని తిరిగి వెలువరిస్తాయి గనుక ఈ సాక్ష్యం చాలదని కొందరన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 1964లో సెర్న్ ప్రయోగశాలలో దాదాపు కాంతివేగంతో పోయే పయాన్ కణాలు వెలువరించిన గామా కిరణాలను కొలువగా, వాటి వేగమూ సాధారణ కాంతివేగమే అయినది. రిట్జ్ వాదం అచ్చట ముగిసినదని నా అభిప్రాయం.

మన కళాశాల వారికి ఈ చరిత్ర పరాయిది కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు, అనగా మన అమీర్‌పేట, పంజాగుట్టల చెంతకే వచ్చి లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసినది. లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి ఉస్మానియాలో గణితం బోధించిన డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ సాపేక్షతపై ఉర్దూలో గ్రంథం రచించారు. ఉర్దూలో దీని పేరు ఇజాఫియత్. వ్యాకరణంలో రెండు పదాలను కలిపే ఇజాఫత్‌కు ఇది తోబుట్టువు. మన 'సాపేక్షత'లోనూ మరొకదాని అపేక్షయే ఉన్నది.

ఇక ప్రశ్నించినవారిలో అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ షా సులేమాన్ చిరస్మరణీయులు. న్యాయపీఠంపై ఉంటూనే 1934లో ఐన్‌స్టీన్‌కు ప్రతిగా గణిత సిద్ధాంతం ప్రకటించారు. సూర్యుని పక్కగా వచ్చే కాంతి వంపు ఐన్‌స్టీన్ చెప్పిన 1.75 సెకన్ల కోణం కన్న అధికమని లెక్కించారు. ఇది సార్వత్రిక సాపేక్షతకు సంబంధించిన వివాదం. 1936 గ్రహణంలో సోవియట్ శాస్త్రజ్ఞుల కొలత కూడ అధికంగానే వచ్చినది. కాని 1970 దశకంలో రేడియో తరంగాలతో జరిగిన సూక్ష్మమైన కొలతలు ఐన్‌స్టీన్ విలువనే నిలిపినవి. సులేమాన్ ఓడిపోయారు. అయినా ఆయన కొలువదగిన సంఖ్యను ముందుగా చెప్పి ఓడిపోయారు. కొలతకు నిలువని మాటలతో ఐన్‌స్టీన్‌ను నిందించే కరపత్రాలకూ ఆయన పనికీ ఇదే భేదం.

విద్యార్థిని మరునాడు మళ్ళీ అడిగినది: "కాంతి ఊసే లేకుండ ఈ సిద్ధాంతం నిలుచునా?" చాలవరకు నిలుచును. మొదటి ప్రతిపాదన, దేశకాలాల ఏకరూపత, దిక్కులన్నీ సమానమన్న భావన, వీటి నుండియే ప్రకృతిలో మారని వేగం ఒకటి ఉండునని 1910లో ఇగ్నటోవ్‌స్కీ రాబట్టాడు. అది అనంతమా, పరిమితమా అన్నది మాత్రం గణితం చెప్పదు. అనంతమైతే న్యూటన్, పరిమితమైతే ఐన్‌స్టీన్. తీర్పు ప్రయోగానిది. నిలకడగా ఉన్న మ్యూయాన్ కణం సగటు జీవితకాలం 2.2 మైక్రోసెకన్లు. న్యూటన్ కాలమే నిజమైతే, కాంతివేగంతో పరుగెత్తినా అది సగటున 660 మీటర్లలోనే నశించవలెను. అమీర్‌పేట నుండి బయలుదేరి పంజాగుట్టకు సగం దారి కూడ చేరదు. కాని పది కిలోమీటర్లకు పైన వాతావరణంలో పుట్టిన మ్యూయాన్లు, మీరు ఈ పుట చదువుతున్న సమయంలోనే, మీ అరచేతుల గుండా దాటిపోతున్నవి.