ప్రతి బిడ్డకూ తగిన పాఠం

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజియల్లాహు అన్హు)కు మొలల వ్యాధి ఉండేది. నమాజు ఎలా చేయాలని ఆయన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)ను అడిగారు. నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయమని ప్రవక్త (స) బోధించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. నమాజు మాఫీ కాలేదు, చేసే తీరు మారింది, అంతే.

మరి మన ఇంట్లో నడవలేని, వినలేని, ఆలస్యంగా నేర్చుకునే బిడ్డ విషయంలో మనం చేస్తున్నదేమిటి? "వీడికి చదువెందుకులే" అని పలక అటకెక్కిస్తున్నాం. అక్క పెళ్లి సంబంధం చెడుతుందని చుట్టాలొస్తే లోపలి గదిలో ఉంచేవారూ మనలో ఉన్నారు. ఇది చేదు మాటే, అయినా చెప్పుకోక తప్పదు.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటే ఆ ఒక్క బిడ్డ కోసం రాసుకునే కాగితం. ఇప్పుడు ఏమి వచ్చు, ఏడాదిలో ఏమి రావాలి, ఎవరు నేర్పాలి, ఏ పరికరం కావాలి, మళ్లీ ఎప్పుడు కూర్చుని చూసుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. అమెరికాలో 1975 నాటి చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బిడ్డకు తగిన సహాయం అందాలని, ప్రగతిని గమనిస్తూ ఉండాలని చెప్పింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. సదరం పత్రం పింఛను కోసమే అనుకోకండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులే ఈ ప్రణాళిక రాస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటి వద్దే పాఠం చెప్పే ఏర్పాటూ ఉంది. అయితే రాసేటప్పుడు తల్లి ఎదుట లేకపోతే ఆ కాగితం పేరుకే మిగులుతుంది. పొద్దున వేసే మూర్ఛ మాత్ర వల్ల బిడ్డ పదింటిదాకా మత్తుగా ఉంటాడని ఆమెకే తెలుసు. ఆమె చెబితే లెక్కల పాఠం మధ్యాహ్నానికి మారుతుంది. చెప్పకపోతే బడిలో వాడికి సోమరి అన్న పేరు మిగులుతుంది. "చదవడం రావాలి" అని రాస్తే ఒప్పుకోవద్దు. "దసరా సెలవుల నాటికి పది బొమ్మలు చూసి పేర్లు చెప్పాలి" అని రాయించండి. అప్పుడే వచ్చిందో లేదో మనకూ తెలుస్తుంది.

ఆ కాగితం నకలు ఒకటి మక్తబ్‌లో ఖాయిదా నేర్పే మౌల్వీ సాహెబుకూ ఇవ్వండి. బడిలో పెద్ద అక్షరాల పుస్తకంతో చదివే పాపకు ఇక్కడ కూడా పెద్ద అక్షరాల ఖాయిదాయే కావాలి.