మూగ సాక్షి

కుక్క యింటికి కావలి కాయును, దొంగను పసిగట్టును, మందవెంట నడచి గొఱ్ఱెలను కాపాడును. ఈ సేవలు అందరు నెరిగినవే. దోమలవలన వ్యాపించు రోగముల జాడ తీయుటలోను కుక్క మానవునకు తోడ్పడుచున్నది. ఇచట పనికివచ్చునది దాని ముక్కు కాదు, నెత్తురు.

1999వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని న్యూయార్కు నగరమున కొందరు వృద్ధులు తీవ్రజ్వరముతోను, మెదడువాపుతోను ఆసుపత్రులలో చేరిరి. ఆ దినములలోనే నగరమున కాకులు పెక్కులు చచ్చి పడుచుండెను. పరీక్షలు జరుపగా, దీనికి మూలము వెస్ట్ నైల్ అను వైరస్ అని సెప్టెంబరులో తేలినది. 1937లో ఆఫ్రికాలోని ఉగాండా దేశమున మొదట కనుగొనబడిన యీ వైరస్ అమెరికాలో అంతకు ముందెన్నడును కనబడలేదు. ఆ యేడు న్యూయార్కు ప్రాంతమున 62 మంది జబ్బుపడినట్లు గుర్తింపబడెను. వారిలో 7గురు మరణించిరి.

ఈ వైరస్ పక్షులలో పెరుగును. రోగము సోకిన పక్షి నెత్తురు త్రాగిన క్యూలెక్స్ దోమ మనుష్యుని కుట్టినప్పుడు అతనికిని సోకును. ఆ దోమయే కుక్కనుకూడ కుట్టును. కాని కుక్క సాధారణముగా జబ్బుపడదు. దాని శరీరము వైరస్‌ను ఎదిరించుటకై ప్రతిరక్షకములను పుట్టించును. అవి నెత్తురులో చిరకాలము నిలుచును. న్యూయార్కులో కుక్కల రక్తమును పరీక్షించిన శాస్త్రజ్ఞులకు కొన్నింటిలో ఈ ప్రతిరక్షకములు కనబడినవి.

పక్షి యెక్కడనో రోగము తగిలించుకొని వేరొకచోట రాలిపోవచ్చును. కుక్క యట్లు కాదు. రాత్రియెల్ల తన వీధిలోనే, దోమతెర లేకయే పండుకొనును. కావున దాని రక్తము ఆ వీధి దోమలనుగూర్చి సాక్ష్యము చెప్పును. ఏడాది నిండని కుక్కలో ప్రతిరక్షకములు కనబడినచో, రోగము ఇటీవలనే అచట తిరుగాడినదని ఊహింపవచ్చును.

అట్లని కుక్కను చూచి భయపడరాదు. దాని నెత్తురులో చేరు వైరస్ మిక్కిలి స్వల్పము. దానిని కుట్టిన దోమకు రోగమంటించుటకు అది చాలదు. కుక్కను తరిమినంత మాత్రమున రోగము తొలగదు. సాక్షి మాత్రము దూరమగును. ఈ జ్వరమునుండి మనుష్యులను కాపాడు టీకా నేటికిని వాడుకలోనికి రాలేదు. మురుగునీరు నిలువకుండ చూచుట, దోమకాటు తగులకుండ మెలగుట, ఇవియే రక్షణోపాయములు. మూగజీవి ముందుగా తెలుపు అపాయమును గ్రహించి, దోమలను రూపుమాపుట మానవుని కర్తవ్యము.