పెళ్లి వీడియో డీవీడీకి ఎక్కనంటే?

ప్రశ్న: ఫోన్లో తీసిన మా అమ్మాయి పెళ్లి వీడియోలను డీవీడీ సాఫ్ట్‌వేర్ గుర్తించడం లేదు. ఏం చేయాలి?

జవాబు: తప్పు ఫైలుది కాదు. ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాల పేర్లే, లోపలి సరుకు వేరు. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక చాలా ఐఫోన్లు హెచ్‌ఈవీసీ పద్ధతిలో రికార్డు చేస్తున్నాయి. ఆ ప్రమాణం వెలువడింది 2013లో. అంతకు ముందరి సాఫ్ట్‌వేర్‌కు దాని పొడే గిట్టదు. ఫైలు పేరు చివర ‘ఎంపీజీ’ అని మార్చి చూసేవాళ్లూ ఉన్నారు, అది ఆవకాయ జాడీకి మాగాయ చీటీ అంటించడమే.

ముందు మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే అసలు కోడెక్, అంటే లోపలి వీడియోను రికార్డు చేసిన పద్ధతి, తెలుస్తుంది.

డీవీడీకి కావలసింది ఎంపెగ్-2. మన టీవీల పాల్ పద్ధతిలో 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు, ధ్వని 48 కిలోహెర్ట్జ్. ఉచితంగా దొరికే డీవీడీస్టైలర్ ఈ మార్పిడి చేసి, మెనూ కూడా కట్టిపెడుతుంది. ఫోన్ వీడియో 30 ఫ్రేములదైతే పాల్‌లో కదలిక కాస్త కుదుపుగా కనిపించవచ్చు. డిస్కు అమెరికాలోని బంధువులకు వెళ్లాలంటే ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోవాలి, అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ పడదు.

4.7 జీబీ డిస్కులో మంచి నాణ్యతతో దాదాపు రెండు గంటలు పడుతుంది. తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఆరు గంటలుంటే మూడు డిస్కులు చేయండి. అసలు ఫైళ్లను మాత్రం చెరపకండి.