సి.టి.ఎల్.ఎ.-4 జన్యువు లేని చిట్టెలుకలలో లింఫోసైట్ల మితిమీరిన వృద్ధి

శరీరంలోకి ప్రవేశించిన వ్యాధికారక క్రిములను ఎదుర్కొనడంలో టి-లింఫోసైట్లది ప్రధాన పాత్ర. అవసరమైనపుడు ఇవి వేగంగా విభజన చెంది సంఖ్యలో పెరుగుతాయి. ముప్పు తొలగిన పిదప ఆ వృద్ధి ఆగిపోవాలి. ఆగని పక్షంలో కలిగే పరిణామాలను జన్యుమార్పు చేసిన చిట్టెలుకలు స్పష్టంగా చూపాయి.

ఉత్తేజం - నియంత్రణ

టి-కణం ఉత్తేజితం కావడానికి రెండు సంకేతాలు అవసరం. మొదటిది, కణం ఉపరితలంపై గల గ్రాహకం ప్రతిజనకాన్ని గుర్తించడం. రెండవది, టి-కణంపై ఉన్న సి.డి.28 ప్రోటీను, ప్రతిజనకాన్ని చూపే కణంపై ఉన్న బి7 ప్రోటీన్లతో బంధం ఏర్పరచుకోవడం. ఉత్తేజితమైన టి-కణం ఆపై సి.టి.ఎల్.ఎ.-4 అనే మరొక ప్రోటీనును ఉపరితలానికి తెస్తుంది. ఇది కూడా బి7 ప్రోటీన్లతోనే, సి.డి.28 కంటే గట్టిగా బంధిస్తుంది. ఇది కణాన్ని ప్రేరేపిస్తుందా, నిలువరిస్తుందా అన్నది కొంతకాలం వివాదాంశంగా ఉండేది.

జన్యువు తొలగింపు ఫలితాలు

1995లో అమెరికా, కెనడాలకు చెందిన రెండు బృందాలు వేర్వేరుగా ఈ జన్యువు పనిచేయని చిట్టెలుకలను రూపొందించాయి. పుట్టినపుడు ఇవి ఆరోగ్యంగానే కనిపించాయి. కొద్ది రోజులలోనే వీటి లింఫు గ్రంథులు, ప్లీహం బాగా పెరిగాయి. ఉత్తేజిత టి-కణాలు హృదయ కండరం, క్లోమం మొదలైన అవయవాలలోకి చొచ్చుకుపోయి కణజాలాన్ని నాశనం చేశాయి. 3-4 వారాల వయసులో ఈ చిట్టెలుకలు మరణించాయి. బి7 ప్రోటీన్లు కూడా లేకుండా చేసిన చిట్టెలుకలలో ఈ వ్యాధి రాలేదు. దీనిని బట్టి, నియంత్రణ లేని సి.డి.28 సంకేతమే ఈ వ్యాధికి మూలమని తేలింది.

ఇతర నమూనాలతో పోలిక

లింఫోసైట్లు పెరిగే వ్యాధులన్నిటికీ కారణం ఒకటి కాదు. ఎల్.పి.ఆర్. చిట్టెలుకలలో ఫాస్ జన్యు లోపం వలన, పని ముగిసిన లింఫోసైట్లు మరణించక పోగుపడతాయి. పి.డి.-1 జన్యువు లేని చిట్టెలుకలలో వ్యాధి నెమ్మదిగా, ఆలస్యంగా బయటపడుతుంది. దాని స్వరూపం చిట్టెలుక జాతిని బట్టి మారుతుంది.

ప్రయోజనం - పరిమితి

నియంత్రణను తాత్కాలికంగా తొలగిస్తే టి-కణాలు క్యాన్సరు కణితులపై దాడి చేయగలవని జేమ్స్ ఆలిసన్ బృందం 1996లో చిట్టెలుకలలో నిరూపించింది. ఈ సూత్రంపై రూపొందిన ఇపిలిముమాబ్ ఔషధానికి 2011లో అమెరికాలో అనుమతి లభించింది. 2018లో ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ బహుమతి దక్కింది. అయితే చికిత్స పొందిన కొందరిలో పేగు, చర్మం, అరుదుగా హృదయ కండరం వాపునకు గురవుతాయి. జన్యువు లేని చిట్టెలుకలు ఈ ప్రమాదాన్ని ముందే సూచించాయి.

చిట్టెలుకల ఫలితాలను మానవులకు యథాతథంగా అన్వయించరాదు. రెండు జన్యు ప్రతులలో ఒకటి లోపించినా చిట్టెలుకలు ఆరోగ్యంగానే ఉంటాయి. మానవులలో మాత్రం ఒక్క ప్రతి లోపించినా కొందరికి తీవ్రమైన రోగనిరోధక రుగ్మతలు కలుగుతాయని 2014లో వెల్లడైంది. కావున రోగనిరోధక వ్యవస్థను ఉత్తేజపరచే ఏ పద్ధతినైనా పరీక్షించేటపుడు, ప్రతిస్పందన ఎంత బలంగా మొదలైందన్నదే గాక, సకాలంలో ఆగుతున్నదీ లేనిదీ కూడా పరిశీలించడం అవసరం.