కాలేయ వ్యాధులు, స్కానింగ్: దాతలు తెలుసుకోవలసిన సంగతులు

విరాళాలిచ్చే పెద్దలు మన సొసైటీ వైద్య విభాగాన్ని తరచు అడిగే మాట ఒకటుంది: "మా అమ్మానాన్నల పేరున ఒక స్కానింగ్ మిషన్ కొనిస్తాం, పేదలకు ఉచితంగా నడపండి." సదఖా జారియాగా ఇది మంచి తలంపు. అయితే ఆ మిషన్ ఏం చూపగలదు, ఏం చూపలేదు, అది చూపినదాన్ని చదివేదెవరు, చదివాక రోగి చేతికి ఏం అందాలి అన్నవి తెలిసి ఇస్తే ఆ సొమ్ము సరైన చోటికి చేరుతుంది. అందుకని ఈసారి సావనీరులో కాలేయాన్ని పాఠంగా తీసుకున్నాం. ముఖ్యంగా మన ప్రాంతంలో గొర్రెలు, కుక్కల ద్వారా వచ్చే ఒక పురుగు జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పదలచాం.

మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినపడుతుంది. పొట్ట స్కానింగులో వాడే ధ్వని సెకనుకు సుమారు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలది. ప్రోబ్ ఆ ధ్వనిని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ప్రతిధ్వని ఎంత బలంగా వస్తే తెరపై అక్కడ అంత తెల్లగా ఉంటుంది. నీటినుంచి ప్రతిధ్వని రాదు గనుక నీరున్న చోటు నల్లగా కనిపిస్తుంది. రాయి తగిలితే తెల్లటి గీత, దాని వెనుక నీడ. గాలి ఉంటే ఏమీ కనిపించదు. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య ఆ గాలి లేకుండా చేయడానికే జెల్ రాస్తారు. ఇందులో ఎక్స్‌రే కిరణాల ప్రమేయం లేదు, సూది పోటు లేదు. పిత్తాశయాన్ని కూడా చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలి. రంజాన్ నెలలో పగటిపూట వచ్చే రోజేదారులకు ఈ షరతు దానంతటదే తీరిపోతుంది.

కాలేయం పెద్ద అవయవం, కుడివైపు పక్కటెముకల కింద ప్రోబ్‌కు సులువుగా అందుతుంది. కొవ్వు చేరిన కాలేయం పక్కనున్న కుడి మూత్రపిండం కన్నా బాగా తెల్లగా కనిపిస్తుంది. అయితే కొవ్వు కొద్దిగా ఉన్నప్పుడు స్కానింగ్ దాన్ని పట్టలేకపోవచ్చు. సిర్రోసిస్ ముదిరితే కాలేయం అంచు గరుకుగా, ఎత్తుపల్లాలుగా మారుతుంది, ప్లీహం పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. ఇవన్నీ తెరమీద తెలుస్తాయి. హెపటైటిస్ బి, సి వైరస్‌లు మాత్రం తెరమీద కనపడవు. వాటికి రక్తపరీక్షే దారి. "స్కానింగ్ నార్మల్ వచ్చింది, ఇక ఏ పరీక్షా అక్కర్లేదు" అనుకోవడం సరికాదు. అలాగే రక్తపరీక్ష బాగుందని స్కానింగ్ వద్దనుకోవడమూ సరికాదు.

ఈ రెండో మాటకు మంచి ఉదాహరణ ఈజిప్టు. నైలు కాలువల నీళ్లలో దిగి పనిచేసే రైతులను తరతరాలుగా పీడించిన బిల్హార్జియాకు కారణమైన పురుగును 1851లో కైరోలో థియోడోర్ బిల్హార్జ్ అనే వైద్యుడు కనుగొన్నాడు. ఆ పురుగు గుడ్లు కాలేయంలోని పోర్టల్ సిర కొమ్మల దగ్గర చిక్కుకుపోతాయి. వాటి చుట్టూ గట్టి నారలాంటి కణజాలం పెరిగి రక్తానికి దారి ఇరుకు చేస్తుంది. కాలేయ కణాలు మాత్రం చాలాకాలం తమ పని తాము చేస్తూనే ఉంటాయి. అందుకని రక్తపరీక్షలో పెద్ద తేడా కనపడకుండానే జబ్బు ముదిరి, ఒకరోజు రోగి రక్తం కక్కుకోవచ్చు. స్కానింగులో ఆ నార సిరల వెంట తెల్లటి పట్టీల్లా ముందే తెలుస్తుంది. 1996లో నైజర్ దేశపు రాజధాని నియామేలో నిపుణులు కూర్చుని, ఆ పట్టీలను ఎక్కడ, ఎలా కొలవాలో ఒక పద్ధతి ఖరారు చేశారు. ఇది మన ప్రాంతపు జబ్బు కాదు. మన దగ్గర పరాన్నజీవులవల్ల కాలేయానికి వచ్చే ముప్పులో ముఖ్యమైనవి రెండు: అమీబా చీముగడ్డ, హైడాటిడ్ తిత్తి.

అమీబా కలుషితమైన నీటితో, తిండితో పేగుల్లోకి చేరి, అక్కడినుంచి రక్తంలో కాలేయానికి వెళ్తుంది. జ్వరం, కుడివైపు డొక్కలో నొప్పి, వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండటం దీని లక్షణాలు. స్కానింగులో సాధారణంగా కుడి భాగంలో గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. మెట్రోనిడజోల్ మందుతో చాలామందికి తగ్గిపోతుంది. మరీ పెద్దదైతే, పగిలే ప్రమాదముంటే, సూదితో చీము తీస్తారు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. జ్వరం, నొప్పి తగ్గిన తరువాత కూడా ఆ గుంట స్కానింగులో నెలల తరబడి కనిపించవచ్చు. రోగి కోలుకున్నాక కేవలం ఆ మచ్చ చూసి మళ్లీ మళ్లీ మందులు వాడించడం వృథా.

హైడాటిడ్ కథ వేరు. ఇది ఎకినోకాకస్ అనే బద్దె పురుగు పని. పెద్ద పురుగు కుక్క పేగులో ఉంటుంది. పొడవు కొద్ది మిల్లీమీటర్లే. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డిమీద, మట్టిలో, కూరగాయలమీద, కుక్క బొచ్చుమీద ఉంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న భాగాన్ని కుక్కకు వేస్తే చక్రం పూర్తవుతుంది. మనిషి ఈ చక్రంలో పొరపాటున పడతాడు. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్నా, కడగని ఆకుకూర తిన్నా గుడ్లు లోపలికి పోతాయి. మనుషుల్లో ఎక్కువ తిత్తులు కాలేయంలోనే పెరుగుతాయి, తరువాతి స్థానం ఊపిరితిత్తులది. మనిషినుంచి మనిషికి ఇది అంటదు. ప్రపంచంలో ఏ సమయంలో చూసినా పది లక్షలకు పైగా మనుషులు ఎకినోకాకస్ జబ్బులతో ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇది ఎక్కువగా కనిపించే చోట్లలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడులను వైద్యులు చెప్పుకుంటారు. గొర్రెల మందలు, మంద కాపలాకు కుక్కలు ఉన్న చోట ఇది ఉండటంలో ఆశ్చర్యం లేదు.

తిత్తి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, నొప్పి ఉండదు. పెరిగి పెరిగి పైత్యనాళాన్ని నొక్కితే కామెర్లు వస్తాయి. దెబ్బ తగిలి పగిలితే లోపలి నీరు ఒక్కసారిగా తీవ్రమైన ఎలర్జీ తెచ్చి ప్రాణం తీయవచ్చు. ఆ నీటిలోని సూక్ష్మమైన పురుగు తలలు పొట్టలో చెదిరి కొత్త తిత్తులను మొలిపిస్తాయి. అందుకనే కాలేయంలో కనిపించిన ప్రతి నల్లటి గుండ్రం విషయంలోనూ "సూది పెట్టి నీరు తీద్దాం" అనే తొందర పనికిరాదు. అది పుట్టుకతో వచ్చిన, ఏ హానీ చేయని మామూలు తిత్తి కావచ్చు, అమీబా చీముగడ్డ కావచ్చు, హైడాటిడ్ కావచ్చు. మిషన్ ఆ మూడింటినీ చూపుతుంది. ఏది ఏదో చెప్పవలసింది దాని ముందు కూర్చున్న మనిషి.

ఆ తేడాను గుర్తించే పాఠాన్ని ప్రపంచానికి ముందుగా నేర్పినవారిలో ట్యునీషియా వైద్యులున్నారు. గొర్రెల పెంపకం ఎక్కువైన ఆ దేశంలో ఈ జబ్బూ ఎక్కువే. డాక్టర్ గర్బీ బృందం 1981లో హైడాటిడ్ తిత్తులను స్కానింగ్ రూపాన్నిబట్టి ఐదు రకాలుగా విడదీసింది. దాన్ని సవరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2003లో ప్రచురించిన వర్గీకరణే ఇప్పుడు అంతటా వాడుకలో ఉంది. మొదటి దశ, అంటే సీఈ1, నల్లటి గుండ్రం. గోడలో రెండు గీతలు కనిపిస్తాయి. రోగిని పక్కకు తిప్పితే లోపల సన్నటి ఇసుకలాంటిది కదులుతుంది. సీఈ2లో పెద్ద తిత్తినిండా పిల్లతిత్తులు తేనెపట్టులా కిక్కిరిసి ఉంటాయి. సీఈ3ఎలో లోపలి పొర ఊడి నీటిలో తామరాకులా తేలుతుంది. సీఈ3బిలో గట్టిపడిన పదార్థం మధ్య అక్కడక్కడ పిల్లతిత్తులు మిగిలి ఉంటాయి. సీఈ4 ఉన్ని ఉండలాంటిది, నీరు కనపడదు. సీఈ5లో గోడ సున్నం పట్టి తెల్లటి వంపుగా మెరుస్తుంది.

ఈ పేర్లు దాతలకెందుకు అనిపించవచ్చు. వైద్యం మొత్తం వీటిమీదే ఆధారపడి ఉంది గనుక చెబుతున్నాం. సీఈ1, సీఈ3ఎ తిత్తులు ఐదు సెంటీమీటర్ల లోపువైతే ఆల్బెండజోల్ మాత్రలతోనే నయమయ్యే అవకాశం బాగా ఉంది. అంతకన్నా పెద్దవాటికి పెయిర్ అనే పద్ధతి వాడతారు. ఎలర్జీని ఎదుర్కొనే ఏర్పాట్లన్నీ సిద్ధం చేసుకుని, ముందే ఆల్బెండజోల్ ఇచ్చి, స్కానింగ్ తెరమీద చూస్తూ సన్నటి సూదితో నీరు తీస్తారు. పైత్యనాళంతో లంకె లేదని తేల్చుకున్నాక పురుగును చంపే ద్రవం ఎక్కించి, కాసేపాగి తిరిగి లాగేస్తారు. దీన్ని కూడా 1980 దశకంలో ట్యునీషియా వైద్యులే ప్రతిపాదించారు. సూది వద్దని పైన చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు. ఆసుపత్రిలో, తెలిసిన చేతిలో, తెలిసిన దశలో వాడే సూది ఇది. సీఈ2, సీఈ3బి తిత్తులకు తరచు ఆపరేషన్ కావాలి. సీఈ4, సీఈ5 చాలావరకు చచ్చిన తిత్తులు. బాధ లేకపోతే వాటి జోలికి పోకుండా ఏళ్లపాటు స్కానింగ్ చేస్తూ కనిపెట్టి ఉంటే చాలు. దశ చదవడం రానిచోట, కత్తి అవసరం లేని పేదవాడు అప్పుచేసి ఆపరేషన్ చేయించుకునే ప్రమాదముంది. మాత్రలతో పోయే తిత్తికి ఎవరో సూది గుచ్చే ప్రమాదమూ ఉంది.

మారుమూల పల్లెల్లో స్కానింగ్ సాధ్యమా అన్న సందేహానికి కెన్యాలోని తుర్కానా ప్రాంతం జవాబు చెప్పింది. అక్కడి సంచార పశువుల కాపరుల్లో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1980 దశకంలో వైద్య బృందాలు వారి విడుదులకే పోర్టబుల్ మిషన్లు మోసుకుపోయి వేలమంది పొట్టలు పరీక్షించాయి. రక్తపరీక్షకన్నా స్కానింగే తిత్తులను బాగా పట్టిందని ఆ పని తేల్చింది. పేదలున్న చోటికే పరీక్ష వెళ్లడం మనకూ ఆదర్శమే. కానీ మన చట్టం వేరు, దాన్ని దాతలు తెలుసుకోవాలి.

గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్, అది ఉండే కేంద్రం, దాన్ని వాడే డాక్టరు వివరాలు జిల్లా అధికారుల వద్ద నమోదు కావాలి. కాలేయం మాత్రమే చూస్తామన్నా మినహాయింపు లేదు. నమోదు లేని సంస్థకు కంపెనీ మిషన్ అమ్మకూడదు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం పోర్టబుల్ మిషన్‌ను నమోదైన ఆసుపత్రిలో చేరిన రోగులకో, లేదా ఇతర వైద్య సేవలన్నీ అందించే నమోదైన సంచార వైద్య వాహనంలోనో మాత్రమే వాడాలి. ఎవరి మిషనో ఒకరోజుకు తెచ్చి శాదీఖానాలో స్కానింగ్ శిబిరం పెట్టడం కుదరదు. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి వచ్చిన కట్టుదిట్టం ఇది, విసుక్కోకూడదు.

కాబట్టి మా మనవి ఇది. మిషన్‌కు ఇవ్వదలచినవారు అందులో కొంత భాగాన్ని వారానికి కొన్ని గంటలు కూర్చునే రేడియాలజిస్టు పారితోషికానికి కేటాయించండి. స్త్రీల పరీక్ష వేళ గదిలో ఒక మహిళా సహాయకురాలు ఉండాలి; లేకపోతే పరదా పాటించే మన తల్లులు, చెల్లెళ్లు గడప దాకా వచ్చి వెనుదిరుగుతారు. ఆల్బెండజోల్ ఒకటి రెండు మాత్రలతో ముగిసేది కాదు. రోజుకు రెండు పూటలా, కాస్త కొవ్వున్న భోజనంతో, మూడు నుంచి ఆరు నెలలు వాడాలి. మధ్యమధ్య కాలేయ పరీక్ష, రక్తకణాల లెక్క చూడాలి. గర్భిణులకు డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు. రోజుకూలీ నాలుగో నెలలో మాత్రలు ఆపేస్తే అంతవరకూ పెట్టిన ఖర్చు మట్టిపాలే. జకాత్ సొమ్ము అర్హుడైన పేదకు సొంతం కావాలన్నది హనఫీ ఫిఖ్‌హ్ నియమం గనుక మిషన్‌కు సదఖా, ఇమ్దాద్ నిధులు వాడి, మందులకు, దారిఖర్చులకు జకాత్ ఇవ్వడం గురించి మీ ఉలమాలను అడగండి. ప్లేటుమీద పేరు చెక్కించుకోవడానికి మందులు అనువుగా ఉండవు, నిజమే.

ఇక బక్రీద్ మాట. ఖుర్బానీ మాంసం తింటే ఈ జబ్బు వస్తుందా అని అడుగుతుంటారు. రాదు. గొర్రె కాలేయంలోని తిత్తి కుక్క పేగులోకి పోతేనే పెద్ద పురుగవుతుంది. మనిషికి అంటేది కుక్క మలంలోని గుడ్డు. అయితే ఆ కుక్కకు తిత్తిని అందించేది చాలాసార్లు మన చేతులే. జబహ్ అయ్యాక కాలేయంలోగానీ, ఊపిరితిత్తుల్లోగానీ నీటిసంచులు కనిపిస్తే ఆ భాగాన్ని వీధిలో పారేయవద్దు, కుక్కలకు వేయవద్దు. కాల్చేయాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టాలి. అదీ కుదరకపోతే అరగంటకు పైగా బాగా మరిగించాలి. తిత్తి తిన్న కుక్క ఆరేడు వారాల్లో గుడ్లు వదలడం మొదలుపెడుతుంది. మందలున్న ఊళ్లలో కాపలా కుక్కలకు పశువైద్యుని సలహామీద ప్రాజిక్వాంటెల్ మాత్ర ఆ గడువులోపే మళ్లీ మళ్లీ వేయించాలి. పండుగ మూడు రోజులూ ప్రతి మొహల్లాలో వ్యర్థాలకు మూతల డ్రమ్ములు, వాటిని మోసుకుపోయే ఒక బండి, పాతిపెట్టడానికి ముందే తవ్వి ఉంచిన గుంత ఉంటే చాలు. ఈ ఖర్చు మిషన్ ఖరీదులో ఎన్నో వంతో దాతలే లెక్కవేసుకోవచ్చు.