తనికి కాదు, పాటకు పిలుస్తారు

మృదంగం నేర్చుకుని దాని మీదే బతుకుదామనుకునే కుర్రవాళ్లు ఎక్కువగా సాధన చేసేది తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యమే వినిపించే భాగం. రెండు గంటల కచేరీలో తనికి దక్కేది పది, పదిహేను నిమిషాలు. హరికథలోనూ, గంటసేపు సాగే అన్నమయ్య సంకీర్తనల కార్యక్రమంలోనూ అదీ ఉండదు. మిగతా సమయమంతా ఎవరి పాటకో వాయించాల్సిందే. మళ్లీ పిలుపు వస్తుందా రాదా అన్నది అక్కడే తేలిపోతుంది.

పక్కవాద్యానికి పట్టే మొదటి జబ్బు పరుగు. పల్లవిలో ఉన్న కాలప్రమాణం చరణానికి వచ్చేసరికి పెరిగిపోతుంది, గాయకుడు తల తిప్పి చూస్తాడు. వేగంగా వాయించడం ఎంత సాధన చేసినా ఈ జబ్బు తగ్గదు, ముదురుతుంది. చేత్తో తాళం వేస్తూ, నోటితో జతి చెబుతూ, ఒకే కాలంలో పావుగంట నిలబడడం అలవాటు చేసుకోండి. ‘త ధి తొం నం’ పాఠంలో మొదటి కాలాన్ని అందరూ తొందరగా దాటేస్తారు. దెబ్బ ఎక్కడ బరువుగా పడుతోందో, ఏ వేలు మొరాయిస్తోందో తెలిసేది ఆ కాలంలోనే. మెట్రోనోమ్ యాప్ పనికొస్తుంది, కానీ గాయకుడు మెట్రోనోమ్ కాడు. అతను ఊపిరి తీసుకునే చోటు, సంగతిని సాగదీసే చోటు తెలియాలంటే కచేరీ రికార్డింగులు పెట్టుకుని వాటికి వాయించాలి. మీ వాయింపు కూడా ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. వాయించిన రోజే వింటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

కీర్తనలు తెలియకుండా మృదంగం ఎంత తెలిసినా చాలదు. ఆదితాళంలోని త్యాగరాజ కీర్తనల్లో అనేకం దేశాది ఎత్తుగడలో, అంటే ఒకటిన్నర అక్షరాల తర్వాత మొదలవుతాయి. అక్షరానికి నాలుగు మాత్రల లెక్కన అది ఆరు మాత్రలు. సమానికి కట్టుకున్న తీర్మానాన్ని ఉన్నదున్నట్టు దించితే, పాట ఎత్తుకోవడానికి ఆరు మాత్రల ముందే మీది ముగిసిపోతుంది. అంటే ఒకే తీర్మానాన్ని రెండు ఎత్తుగడలకూ లెక్క కట్టి చేతిలో ఉంచుకోవాలి. 1966లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్న పాలఘాట్ మణి అయ్యర్ గొప్పతనం లెక్కల్లోనే లేదు. పాటకు ఎక్కడ వాయించాలో, ఎక్కడ చేతులు ఆపాలో తెలియడంలోనూ ఉంది. ఆపడం కూడా సాధన చేయాల్సిన విద్యే.

కార్యక్రమం ఒప్పుకునేటప్పుడే శ్రుతి అడగండి. మగవారు సాధారణంగా ఒకటి నుంచి రెండు లోపు, ఆడవారు ఐదు, ఐదున్నర, ఆరులో పాడతారు. ఒకే మృదంగాన్ని ఆ రెంటికీ లాగలేం. తగ్గు శ్రుతికొకటి, హెచ్చు శ్రుతికొకటి లేనిదే ఈ వృత్తి సాగదు. హెచ్చు శ్రుతిలో నాదం రాదని ఆడవారి పాటకు వాయించకుండా తప్పుకునేవారు ఒకప్పుడు ఉండేవారు. మృదంగం ఆడవాళ్లకెందుకు అన్నవారూ ఉండేవారు. విజయవాడ మృదంగ విదుషి సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఈ రోజుల్లో కూడా అలా మాట్లాడేవారికి చెప్పగలిగిందేమీ లేదు.

తోలు చెమ్మకు వదులవుతుంది, వేడికి బిగుస్తుంది. ఏసీ హాల్లోకి ముందుగా చేరి, వాద్యాన్ని సంచిలోంచి తీసి కాసేపు ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయండి. తొప్పికి పెట్టిన బొంబాయి రవ్వ ముద్దను కచేరీ కాగానే గీకి తుడిచేయాలి. ఇప్పుడు చాలామంది దాని బదులు సిలికాన్ గమ్ వాడుతున్నారు. ప్రయాణాలు ఎక్కువున్నవారికి అది సుఖం, నా చెవికి మాత్రం రవ్వ నాదమే నిండుగా ఉంటుంది. మృదంగం కట్టే ఆయన దగ్గర బేరాలాడకండి, డబ్బు బాకీ పెట్టకండి. గాయకుడు టి.ఎం.కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకం రాసేదాకా ఆ తోలు పని చేసే కుటుంబాల గురించి మన సంగీత లోకం పెద్దగా మాట్లాడుకోనే లేదు. అది మనకు గౌరవమేమీ కాదు.

కచేరీల మీదే ఇల్లు గడవడం కష్టం. చాలామందికి నెల గడిపేది కూచిపూడి నాట్యం, పాఠాలు. అమెరికాలోని తెలుగు పిల్లలకు పాఠం చెప్పడానికి తెల్లవారుజామునే లేచి ఫోను ముందు కూర్చునేవారూ ఉన్నారు. నాట్యానికి వాయించేటప్పుడు చూపు నర్తకి పాదాల మీద, చెవి నట్టువాంగం మీద ఉండాలి. ప్రతి అంశం జతులూ నోటుబుక్కులో రాసుకోండి, మరో ఊళ్లో అదే అంశానికి పిలిస్తే ఒక్క రిహార్సల్‌తో సరిపోతుంది. రిహార్సళ్లకు విడిగా ఇస్తారా అని మొహమాటం లేకుండా మొదటే అడగండి. ఆకాశవాణి ఆడిషన్‌ను వాయిదా వేయకండి. బి, బి-హై, ఎ, ఎ-టాప్ గ్రేడుల్లో ఏదో ఒకటి పేరు పక్కన ఉంటే నిర్వాహకులతో మాట తేలికవుతుంది.

గంటల తరబడి మఠం వేసి కూర్చునే పని కాబట్టి నడుము, మోకాళ్లు మొదట దెబ్బతింటాయి. రోజూ కాస్త నడవండి. మణికట్టు నొప్పిని ఓర్చుకుని వాయించడం సాధన కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వేదిక మీద గాయకుడు తాళం తప్పితే అందరికీ తెలిసేలా దెబ్బ వేసి చూపించకండి, మెల్లగా అందుకోండి. తని కుదించమంటే ముఖం మాడ్చకండి. ఒక తేదీ ఒప్పుకున్నాక అదే రోజుకు పెద్ద విద్వాంసుడి కచేరీ వచ్చినా మొదటి మాట మీదే నిలబడండి. ఒంట్లో బాగోలేక వెళ్లలేకపోతే మీ అంత వాయించగలిగే మరొకరిని మీరే కుదిర్చి, గాయకుడికి ముందే చెప్పండి. చివరి గంటలో ఫోన్ ఎత్తని మృదంగ విద్వాంసుణ్ణి, చేయి ఎంత గొప్పదైనా, నిర్వాహకులు రెండోసారి పిలవరు.