వేతన పరిమితి – ఆటగాడి జీతం: ఫుట్‌బాల్ చెప్పే పాఠం



సాయంత్రం గ్రౌండులో బంతి తన్నే మనకు ఫుట్‌బాల్ ఒక ఆట. దాన్నే నమ్ముకుని బతికే ఆటగాడికి అది పని. పని ఉన్నచోట యజమాని, ఒప్పందం, జీతం, తగాదా అన్నీ ఉంటాయి. మన హైదరాబాద్ జట్టును ఉదాహరణగా తీసుకుని ఈ విషయం తెలుసుకుందాం. కామర్స్, ఎకనామిక్స్ చదివేవారికి ఇది మరింత ఉపయోగం.

వేతన పరిమితి అంటే ఏమిటి?

ఒక సీజన్‌లో క్లబ్బు తన ఆటగాళ్లందరి జీతాలకు కలిపి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదని లీగ్ గీసే గీతే వేతన పరిమితి, అంటే శాలరీ క్యాప్. దీనికి రెండు కారణాలు చెబుతారు.

1. డబ్బున్న క్లబ్బే మంచి ఆటగాళ్లందరినీ తీసుకుపోకుండా పోటీ సమంగా ఉండటం.
2. గెలుపు ఆశతో తాహతుకు మించిన జీతాలు ఒప్పుకుని క్లబ్బులు దివాలా తీయకుండా ఉండటం.

2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఈ పరిమితి కొన్ని సీజన్లపాటు క్లబ్బుకు 16.5 కోట్ల రూపాయలుగా ఉంది.

ఇతర దేశాల్లో ఏం జరిగింది?

ఇంగ్లండ్‌లో 1901 నుండి ఒక్కొక్క ఆటగాడి జీతానికే హద్దు ఉండేది. మొదట వారానికి 4 పౌండ్లు. 1961 నాటికి కూడా అది 20 పౌండ్లే. స్టేడియాలు నిండుతున్నా ఆటగాడి జీతం పెరగలేదు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో 1961 జనవరిలో ఆ హద్దును ఎత్తివేశారు.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. అయినా అక్కడి తగాదా మనం తెలుసుకోదగినదే. 1987లో ఆటగాళ్లు 24 రోజులు సమ్మె చేస్తే యజమానులు వేరేవాళ్లను దింపి మ్యాచ్‌లు ఆడించారు. సమ్మె విఫలమైంది. ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. చివరకు 1993లో ఒప్పందం కుదిరి, 1994 నుండి వేతన పరిమితి వచ్చింది. దానికి బదులుగా ఆటగాళ్లకు ఆదాయంలో వాటా, గడువు తీరాక క్లబ్బు మారే స్వేచ్ఛ దక్కాయి. క్లబ్బు జీతాలకు కనీసం ఇంత ఖర్చు పెట్టాలన్న కింది హద్దు కూడా వచ్చింది. బేరం ఆడటానికి సంఘం ఉంది కాబట్టే ఇది సాధ్యమైంది.

మన హైదరాబాద్ సంగతి

సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లకు పోలీసు శాఖే ఆధారం. సికింద్రాబాద్‌లో ఇ.ఎం.ఇ. సెంటర్, రైల్వే వంటి సంస్థలు కూడా క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చాయి. జీతం గొప్పది కాకపోయినా ఒకటో తారీఖున చేతికొచ్చేది.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. గచ్చిబౌలి స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ విజేత అయింది. కాని 2023 వచ్చేసరికి జీతాల బకాయిలపై ఫిర్యాదులు ఫిఫాకు చేరాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం పడింది. ఉన్నవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. 2023–24లో కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2024లో యజమాని మారారు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. వేతన పరిమితి ఆ క్లబ్బుకూ వర్తించింది. అయినా బకాయిలు ఆగలేదు. కూలి మాట్లాడుకోవడం ఒక ఎత్తు, సాయంత్రానికి అది చేతిలో పడటం మరో ఎత్తు అని కూలికి వెళ్లే మన అమ్మానాన్నలకు ఎవరూ చెప్పనక్కరలేదు. పరిమితి క్లబ్బు ఎంతకు మించి ఇవ్వకూడదో చెబుతుంది. ఒప్పుకున్నది ఇచ్చి తీరాలని చెప్పేవి ఒప్పందం, చట్టం, సంఘం.

ఆటగాడికి దారి ఏమిటి?

2018 జూన్ నుండి ఉన్న ఫిఫా నిబంధన ప్రకారం క్లబ్బు కనీసం రెండు నెలల జీతం బకాయి పడితే, ఆటగాడు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. విదేశీ ఆటగాళ్ల తగాదాలు ఫిఫా ట్రిబ్యునల్‌కు, మన ఆటగాళ్లవి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీకి వెళతాయి. మన దేశంలో ఆటగాళ్ల సంఘం 2006లో బైచుంగ్ భూటియా చొరవతో ఏర్పడింది. అవసరం తీరిపోలేదు. 2025 ఆగస్టులో లీగ్ భవిష్యత్తు తేలక బెంగళూరు ఎఫ్.సి. తన ఆటగాళ్ల జీతాలు నిలిపివేసింది.

ముగింపు

మన హాస్టళ్లలో బాగా ఆడే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. రేపు ఏ క్లబ్బు పిలిచినా, ఆట మాత్రమే కాదు ఏ కంపెనీలో చేరినా, సంతకం పెట్టేముందు ఒప్పందం పూర్తిగా చదవండి. జీతం ఏ తేదీన ఇస్తారో, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో, తగాదా వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలో అడగండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే చదివినవాళ్లతో చదివించుకోండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మన చదువు మన ఇంటివాళ్ల కష్టానికి కాపలా కాయాలి.